కుక్కర్ కూత పడిన నవల

దొర రామభూపాలరావు పేరు అప్పుడే వచ్చింది. సరిగ్గా అక్కడే కుక్కర్ కూసింది. చదువుతున్న అమ్మాయి పట్టించుకోలేదు. రెండో కూతకూ ఆగలేదు. మూడో కూతకు మాత్రం "అమ్మా, స్టవ్ బంద్ చెయ్!" అని ఒక్క కేక పెట్టి, సగంలో విడిచిన వాక్యాన్ని మళ్లీ మొదటినుంచి అందుకుంది. వెనకాల హైవే మీద లారీ ఒకటి పొడుగాటి హారన్ కొట్టుకుంటూ పోయింది. వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి'ని ఈమధ్య నేను పూర్తిచేసింది ఇలాగే, చూసి కాదు, విని. అది స్టూడియోలో తయారైన ఆడియో పుస్తకం కూడా కాదు. హయత్‌నగర్‌లో మా వెనక వీధిలో, ఒక ఇంటి వంటగది పక్కన, ఫోన్‌లో తయారైన పుస్తకం.

ఆ ఇంటి పెద్దాయన రిటైరైన బడిపంతులు. నల్లగొండ వైపు పల్లెల్లో ముప్పై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పి, పిల్లల చదువుల కోసం ఇక్కడ జాగా కొని ఇల్లు కట్టుకున్న తరం మనిషి. నీటికాసులు ఆయన చూపును కొంచెం కొంచెంగా పట్టుకుపోయాయి. గోడ బీరువాలో పుస్తకాలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. ఏ అరలో ఏది ఉందో తడిమి చెబుతాడు, తెరిచి చదవలేడు. చూపు లేనివారి కోసం 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ లాంటి ఏర్పాట్లు ఉన్నాయని నేను చెప్పబోతే, "ఉంటయి సార్, కానీ నాకు నా బీరువల పుస్తకాలు గావాలె" అన్నాడు. అది మొండితనం అనుకున్నాను అప్పుడు.

డిగ్రీ చదివే మనుమరాలికి పగలు కాలేజీ, సాయంత్రం కోచింగ్. తాత ఎదురుగా కూర్చుని చదివి వినిపించే తీరిక లేదు. అందుకే ఆ అమ్మాయి ఒక ఉపాయం చేసింది. పావుగంట దొరికితే పావుగంట, ఇరవై నిమిషాలు దొరికితే ఇరవై నిమిషాలు చదివి, రికార్డు చేసి, తాతకు వాట్సాప్‌లో పంపుతుంది. ఆయన మధ్యాహ్నం వరండాలో కూర్చుని వింటాడు. ఎక్కడైనా తప్పు దొర్లితే ఆయనా వాయిస్ మెసేజే తిరిగి పంపుతాడు. పెన్షన్ల సంగతి ఏదో అడగడానికి ఒకరోజు నన్ను పిలిచినప్పుడు ఈ వ్యవహారం బయటపడింది. అడిగితే మొత్తం నాకూ పంపించారు. ఒక్కొక్కటీ వరుసగా పెట్టుకుని, పొద్దున బస్సులో హయత్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా, అక్కడినుంచి మెట్రోలో నాంపల్లి దాకా వింటూ పోయాను. (హయత్‌నగర్ దాకా మెట్రో అన్నది మేం వినడమే తప్ప చూడని ధారావాహిక. దాని తరువాయి భాగం ఎప్పటికప్పుడు వచ్చే సంచికలో.)

'ప్రజల మనిషి' నాకు కొత్త కాదు. డిగ్రీ రోజుల్లో ఒకసారి చదివాను. అప్పుడు నచ్చలేదు. దిమ్మెగూడెం అనే ఊరు, దొర, అతనికి ఎదురు నిలిచే కంఠీరవం, ఆంధ్రమహాసభ... ఏం జరగబోతున్నదో ముందే తెలిసిపోయే కథ అనిపించింది. మనుషులకన్నా సిద్ధాంతం ముందు నడుస్తున్నదని ఆ వయసులో నేను చేసిన తీర్మానం. ఇప్పుడు వింటుంటే ఆ తీర్మానం పూర్తిగా నిలబడలేదు, పూర్తిగా కూలిపోనూ లేదు. చెవికి ఈ నవల రెండుగా విడిపోయింది. రచయిత తానే కల్పించుకుని చెప్పే చోట్ల ఆ అమ్మాయి గొంతు కూడా పరీక్షకు బట్టీ పట్టినట్టు సాగింది. ఊరి మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకునే చోట మాత్రం తనకు తెలియకుండానే వేగం మారింది. భయపడేవాడి మాటను భయంగా, బతిమాలేవాడి మాటను నెమ్మదిగా చదివింది. ఎవరూ నేర్పలేదు. వాక్యమే నేర్పింది. 1955లో అచ్చయిన నవల, ఇరవై ఏళ్ల పిల్ల నోట్లో అంత సులువుగా ఇమిడిపోవడం చూశాక, నేను డిగ్రీలో చదివింది నవలను కాదేమో, దాని మీద ఉన్న వ్యాసాలనేమో అని అనుమానం వచ్చింది.

ఆ రికార్డింగులు వింటూ మా ఊరి ముందు రోడ్డును కూడా మరో రకంగా చూశాను. హయత్‌నగర్ దాటితే పెద్ద అంబర్‌పేట, చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి, ఆ తర్వాత నకిరేకల్. ఆ నకిరేకల్ దగ్గరి చెరువు మాదారంలోనే 1915లో ఆళ్వారుస్వామి పుట్టాడు. పేదరికం వల్ల చదువు సాగలేదు. ఇతరుల ఇళ్లలో వంటపని చేస్తూ అక్షరాలు పట్టుకున్నాడు. 1938లో సికింద్రాబాద్‌లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టాడు. సభ పెట్టుకోవాలన్నా సర్కారు అనుమతి కావలసిన నిజాం రోజుల్లో, తెలుగు పుస్తకాలు అచ్చువేసి, వాటిని మోసుకుని తిరిగి అమ్మిన మనిషి. నిజామాబాద్ జైల్లో ఆయనతో ఉన్న దాశరథి తన తొలి కావ్యం 'అగ్నిధార'ను ఆయనకే అంకితమిచ్చాడు. 1961లో, యాభై ఏళ్లైనా నిండకుండానే ఆళ్వారుస్వామి పోయాడు. పుస్తకాన్ని చేతికి అందించడానికి అంత దూరం నడిచిన మనిషి నవల, ఇప్పుడు ఆయన ఊరి దారిలోనే, బస్సులో నిలబడ్డవాడి చెవిలోకి ఎవరి కాళ్లూ నొప్పి పుట్టకుండా వచ్చేసింది.

అచ్చుప్రతి కూడా ఒకటి చేతిలో ఉండాలనిపించి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి వెతికాను. పుస్తకాల దుకాణాలకు అక్కడ లోటు లేదు. గ్రూప్స్, పోలీసు, టీచరు, బ్యాంకు పరీక్షల పుస్తకాలు నడుమెత్తు గుట్టలుగా ఉంటాయి. 'ప్రజల మనిషి' ఉందా అని అడిగితే ఒక కుర్రాడు తడుముకోకుండా "వట్టికోట ఆళ్వారుస్వామి" అన్నాడు. పుస్తకం లేదు, జవాబు మాత్రం ఉంది. పోటీ పరీక్షల పుణ్యమా అని మన నవలాకారుల పేర్లు ఇంతమందికి తెలిసిన కాలం మరొకటి లేదేమో. వాటిలో ఏముందన్నది సిలబస్‌లో లేదు. అచ్చుప్రతి చివరకు కోఠి వైపు వెళ్లినప్పుడు దొరికింది.

ఆ అమ్మాయి చదువు తప్పుల్లేకుండా ఏమీ సాగలేదు. ఇంగ్లిష్ మీడియం పిల్ల. తెలుగు అక్షరం వచ్చు గానీ, ఆ తరం తెలంగాణ పుస్తకాల్లోని సర్కారు మాటలు ఎక్కడ వింటుంది? అమీను అన్న మాటను ఎవరిదో పేరనుకుని చదువుకుపోయింది. అది ఆ కాలపు పోలీసు సబ్‌ఇన్‌స్పెక్టరని తాత చెప్పాక, వెనక్కి వెళ్లి ఆ పేజీ అంతా మళ్లీ చదివింది. ఈసారి గొంతులో కొంచెం బెరుకు కలిసింది. ఇంకో కథల పుస్తకంలో రైతు నాగు తెచ్చుకున్నాడన్న చోట ఆగిపోయి, "తాతా, పాము ఎందుకు తెచ్చుకున్నడు?" అని రికార్డింగులోనే అడిగింది. దానికి పెద్దాయన పెట్టిన జవాబు కూడా నా దగ్గర ఉంది. "పాము గాదు బిడ్డా, అప్పుకు దెచ్చుకున్న వడ్లు. పంట రాంగనె వడ్డీ గలిపి వడ్లే గొలవాలె. కానీ నువ్వన్నది గూడ తప్పేం గాదు. గది గూడ కాటేసేదే." ఏ నిఘంటువూ ఇంత బాగా చెప్పదు. అచ్చుపుస్తకంలో అడుగున ఇచ్చే వివరణకు గొంతు ఉండదు, దగ్గు అసలే ఉండదు. ఈ రికార్డింగుల్లో రెండూ ఉన్నాయి.

ఇంతా చెప్పి, బాగా డబ్బు పెట్టి శ్రద్ధగా చేసిన ఆడియో పుస్తకాలను చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు. ఈ రికార్డింగులు వింటున్న నాలుగు నెలల్లోనే ముళ్లపూడి వెంకటరమణ 'కోతి కొమ్మచ్చి'ని బాలసుబ్రహ్మణ్యం గొంతులో మళ్లీ విన్నాను. ఆ పుస్తకం పేరుకు తగ్గట్టే కొమ్మ మీంచి కొమ్మకు దూకుతుంది. బాల్యంలో మొదలైన వాక్యం సినిమాల్లో తేలుతుంది, మద్రాసు కష్టాల్లో మొదలైనది జోకులో ముగుస్తుంది. కాగితం మీద ఆ దూకుళ్లు కొన్నిసార్లు తికమక పెట్టాయి. బాలుకు ఎక్కడ ఊపిరి పీల్చుకోవాలో తెలుసు కాబట్టి కొమ్మకూ కొమ్మకూ మధ్య ఖాళీ చెవికి తెలుస్తుంది. ఆకలి గురించి రమణ నవ్వుతూ రాశాడు. బాలు ఆ నవ్వును నవ్వుగానే చదివి, ఆ తర్వాత అర క్షణం ఆగుతాడు. ఆ అర క్షణం పుస్తకంలో లేదు. రమణ 2011లో పోయాడు, బాలు 2020లో. చైతన్యపురి స్టేషన్‌లో జనం తోసుకుంటూ ఎక్కుతుంటే, లేని ఇద్దరు మనుషులు ఒకరి మాటను ఒకరు పంచుకుంటూ నా చెవిలో నవ్వుతున్నారు. పైనుంచి మెట్రో ప్రకటన తలుపులు ఏ వైపు తెరుచుకుంటాయో మూడు భాషల్లో చెబుతున్నది.

వినే పుస్తకం మనకు కొత్త సరుకు కాదు. 1981లో గూటాల కృష్ణమూర్తి లండన్ నుంచి శ్రీశ్రీ చేతిరాతతో 'మహాప్రస్థానం' అచ్చువేసినప్పుడు, దానితోపాటు శ్రీశ్రీ స్వయంగా చదివిన క్యాసెట్ కూడా ఇచ్చారు. అంతకు ముందే ఘంటసాల భగవద్గీత రికార్డు ఊళ్లలో మోగింది. పాపం ఆ గీతకు పట్టిన గతి ఏమిటంటే, అది మైకులో వినబడగానే ఎవరు పోయారో కనుక్కోవడానికి జనం బయటికొస్తారు. ఇంకా వెనక్కి పోతే ఒగ్గు కథలూ హరికథలూ బుర్రకథలూ ఉన్నాయి. ఆళ్వారుస్వామి అమ్మిన పుస్తకాలను కూడా ఊళ్లో కొనేవాడు ఒకడైతే, అరుగు మీద చుట్టూ చేరి వినేవాళ్లు ఎక్కువమంది అయి ఉంటారు. మౌనంగా, ఒంటరిగా, ఫ్యాను కింద పడుకుని చదవడమే ఇటీవలి అలవాటు.

విశ్వనాథ 'వేయిపడగలు' సంగతే చూడండి. ఆయన చెబుతుంటే తమ్ముడు వెంకటేశ్వర్లు రాసుకున్నారని, అది 29 రోజుల్లో పూర్తయిందని, వెయ్యికి ఒక్క పేజీ తక్కువని సాహిత్య లోకంలో అందరూ చెప్పుకునే మాట. అంటే రోజుకు ముప్పై నాలుగు పేజీల పైన! 1934లో ఆంధ్ర విశ్వకళా పరిషత్తు పోటీలో బాపిరాజు 'నారాయణరావు'తో బహుమతి పంచుకున్న ఆ నవల అసలు నోటినుంచే పుట్టింది. కళ్లతో చదివినప్పుడు నన్ను అలసట పెట్టిన దాని పొడుగు వాక్యాలను ఈమధ్య ఒక అధ్యాయం వరకు పైకి చదివి చూశాను. అలసట రాలేదు. ఆ నవల అభిప్రాయాలతో నాకున్న పేచీ అలాగే ఉంది. వాక్యంతో ఉన్న పేచీ మాత్రం తీరిపోయింది.

చెవికి పనికిరాని పుస్తకాలూ ఉన్నాయి. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' ఫోన్‌లో దొరికితే ఆశగా మొదలుపెట్టాను. చదివిన గొంతు మంచిదే. కానీ సీతారామారావు తనలో తాను వాదించుకునే తీరు కాగితం మీద ఒకటి, చెవిలో ఒకటి. పుస్తకమైతే కాసేపు తల ఎత్తి కిటికీలోంచి బయటికి చూడొచ్చు, అతన్ని అక్కడే వదిలి టీ తాగి రావొచ్చు. ఇక్కడ అతను వదలడు. చింతలకుంట దగ్గర ట్రాఫిక్‌లో బస్సు ఇరుక్కుంది, సీతారామారావు తన ఆలోచనల్లో ఇరుక్కున్నాడు, నేను వాళ్లిద్దరి మధ్యా ఇరుక్కున్నాను. ఎల్బీనగర్‌లో దిగేసరికి తలనొప్పి. రాత్రి ఇంటికి వచ్చి అచ్చుప్రతి తీస్తే ఒక్క బిగిన అయిపోయింది, అతని మీద జాలి కూడా కలిగింది.

మర గొంతుల మాట చెప్పకపోవడమే మర్యాద. ఏ పేజీనైనా పైకి చదివి వినిపించే సౌకర్యం ఫోన్లలో వచ్చింది, చూపు లేనివారికి అది నిజంగా పెద్ద ఆసరా. కాకపోతే 'కీ.శే.' అని ఉన్నచోట అది "కీ, శే" అని ముందుకు పోతుంది, పోయినవాళ్లకు ఆమాత్రం గౌరవం కూడా దక్కదు. మన కుర్రవాళ్లు మనుషుల గొంతులను కూడా ఒకటిన్నర రెట్ల వేగంతో వింటున్నారు. మా ఇంట్లో కూడా ఒకరున్నారు. పుస్తకాల లెక్క పెరుగుతుందట. పెరుగుతుంది.

చెవిలో మాత్రమే బతికే కథ ఒకటి విన్నాను. పి.వి. నరసింహారావు 1949లో 'విజయ' అనే కలం పేరుతో కాకతీయ పత్రికలో రాసిన 'గొల్ల రామవ్వ'. ఆయన ప్రధాని అయ్యాక ఈ కథ గురించి చాలామంది మాట్లాడారు గానీ, అందులో ఎక్కువమంది ప్రధాని గురించే మాట్లాడారు. ఆ అమ్మాయి దీన్ని చదివిన రోజు వాన పడింది, మా లైన్‌లో కరెంటు పోయింది. చీకట్లో మంచం మీద పడుకుని విన్నాను. కథ జరిగేదీ చీకట్లోనే. అర్ధరాత్రి పేలుడు శబ్దం, గుడిసెలో ముసలమ్మ, తలుపు దగ్గర అలికిడి, లోపలికి వచ్చిన సాయుధ యువకుడు. మనిషి కనబడడు, చప్పుడు వినబడుతుంది. పోలీసుల నుంచి ఆ కుర్రాణ్ని కాపాడటానికి రామవ్వ తన మనుమరాలినే అడ్డుపెట్టే చోట, చదువుతున్న మనుమరాలి గొంతు ఒక్కసారి తగ్గింది. పుస్తకంలో ఆ అమ్మాయికి ఎక్కువ మాటలు లేవు. చదువుతున్న ఈ అమ్మాయి గొంతులో ఆమె ఏమనుకుని ఉంటుందో కొంత వినబడింది. నేనిది ఇదివరకు రెండుసార్లు చదివాను, రెండుసార్లూ ముసలమ్మ ధైర్యమే చూశాను.

అన్నట్టు బీరువాలో చలం 'మైదానం' కూడా ఉంది. అది తీసి చదవనా అని పిల్ల అడిగితే, "అది నాకొద్దు బిడ్డా, నువ్వు చదువుకో" అన్నాడట తాత. ఆమె చదువుకుంది. ఆ రికార్డింగు మాత్రం లేదు.

ఇక అసలు చెప్పుకోవలసిన సంగతి. ఇన్నాళ్లూ నేను మౌనంగా చదువుకున్న పుస్తకాలు నిజంగా మౌనంగా చదివినవి కావని ఇప్పుడు తెలిసింది. లోపల ఒక గొంతు చదువుతూనే ఉంటుంది. అది ఎవరిదని నిలదీస్తే, నాది కాదు. చిన్నప్పుడు చౌటుప్పల్ దగ్గర మా ఊళ్లో పొద్దున్నే రేడియోలో వచ్చిన ఢిల్లీ తెలుగు వార్తల గొంతు అది. అద్దంకి మన్నార్ లాంటివారు అచ్చు తప్పు లేకుండా చదివిన గొంతు. నవలల్లో ఆడవాళ్లందరూ నాకు హైదరాబాద్ ఆకాశవాణి నాటకాల్లోని శారదా శ్రీనివాసన్‌లా మాట్లాడారు. పాఠ్యపుస్తకం, పరీక్ష, పేపర్ ఉద్యోగం కలిసి ఆ గొంతును ఇంకా నున్నగా చేశాయి. గొప్ప గొంతులే, కాదనను. కానీ యశోదారెడ్డి 1973లో తెచ్చిన 'మా ఊరి ముచ్చట్లు'ను కూడా నేను వార్తల గొంతుతోనే చదివాను! పాలమూరు పల్లె ఆడవాళ్లు నోరారా మాట్లాడుకునే కథలవి. మా అవ్వ మాట్లాడిన మాటలు అందులో ఎన్నో ఉన్నాయి. అవ్వ మాటను అవ్వ గొంతుతో చదవాలన్న ఆలోచనే నాకు రాలేదు. చదవడం కష్టంగా ఉందని, యాస అడ్డొస్తున్నదని కూడా ఆ రోజుల్లో స్నేహితులతో అన్నాను. అడ్డొచ్చింది యాస కాదు.

పైగా నేనుంటున్నది హయత్‌నగర్‌లో. కులీ కుతుబ్‌షా కూతురు హయాత్ బక్షీ బేగం పేరు మీద వెలసిన ఊరు. ఆమె పేరిటి మసీదు ఇప్పటికీ ఉంది. ఊరేమో విజయవాడ రోడ్డు మీద ఉండటంతో, ఆ రోడ్డు పొడుగునా ఉన్న జిల్లాల మాటంతా ఇక్కడికొచ్చి కాలనీలు కట్టుకుంది. ఉదయం బస్సులో ఒక సీట్లో "జర జరుగమ్మా", పక్క సీట్లో "కాస్త జరుగుతారా అండీ", వెనక నుంచి ఖమ్మం మాట, ఫుట్‌బోర్డు మీద దక్కనీ ఉర్దూ. ఆడవాళ్లకు 2023 డిసెంబరు నుంచి టికెట్ డబ్బులు లేకపోవడంతో బస్సు నిండా వాళ్ల కబుర్లే. ఒక చెవిలో ఇయర్‌ఫోన్, ఇంకో చెవి ఖాళీ. నామిని సినబ్బ కథలు గానీ ఖదీర్‌బాబు దర్గామిట్ట కథలు గానీ మళ్లీ చేతిలోకి తీసుకుంటే, ఇప్పుడు వాటిలోని మనుషులు ఈ బస్సులోని ఎవరి గొంతునో అరువు తెచ్చుకుని మాట్లాడుతున్నారు. చిత్తూరు మాట ఏది, నెల్లూరు మాట ఏది అని నా చెవి ఇంకా పొరబడుతూనే ఉంది. అయినా వార్తల గొంతు కన్నా ఈ పొరపాటే నయం.

డబ్బు కట్టి వినే ఆడియో పుస్తకాల మీద నాకున్న ఫిర్యాదు కూడా ఇదే. కొన్ని ఎంతో శ్రద్ధగా ఉన్నాయి, మూల రచయితల చేత చదివించినవీ ఉన్నాయి. చాలావాటిలో మాత్రం ఏ జిల్లా కథైనా ఒకే గొంతు, ఒకే సాగదీత, దుఃఖం రాగానే వెనక నుంచి ఫ్లూటు. అచ్చులో రచయిత కష్టపడి నిలబెట్టిన పలుకుబడి, మైకు ముందు మళ్లీ ఇస్త్రీ అయిపోతున్నది. హయత్‌నగర్ డిపో నుంచి బయల్దేరే మొదటి బస్సులో నలుగురిని కూర్చోబెట్టి చదివించినా అంతకన్నా బాగుంటుంది.

ఈ మాట పెద్దాయనతో అన్నదే నా పొరపాటు. మనుమరాలికి పరీక్షలు దగ్గరపడ్డాయి, పదిహేను రోజులు రికార్డింగులు ఉండవు. "అయితే మీరు చదువుండ్రి సార్" అన్నాడు. ఏ పుస్తకం అంటే యశోదారెడ్డి అన్నాడు. తప్పించుకోలేకపోయాను. రాత్రి అందరూ పడుకున్నాక, తలుపులు వేసి, ఫ్యాను ఆపి, ఒక కథ చదివి పంపాను. ఒక్క అక్షరం తప్పు పోలేదు. ఎక్కడా కుక్కర్ కూయలేదు.

మర్నాడు జవాబు వచ్చింది. "మంచిగనే చదివిండ్రు సార్. కానీ వార్తలు ఇన్నట్టున్నది."

రెండోసారి చదివాను. ఈసారి అవ్వను తలుచుకుంటూ, పలుకు కావాలనే మార్చి. అది ఇంకా అన్యాయంగా ఉంది, సినిమాల్లో తెలంగాణ మాట్లాడించే కామెడీ వేషంలా. పంపకుండానే తుడిచేశాను. మూడోసారి ఏ వేషమూ వెయ్యకుండా, మా ఇంట్లోవాళ్లకు చెప్పినట్టు మెల్లగా చదివి పంపాను. కథలో ఒక మాట దగ్గర నాకే సందేహం వచ్చి, "దీన్ని మీవైపు ఎట్ల పలుకుతరు సార్?" అని మధ్యలో అడిగాను కూడా.

జవాబుగా వచ్చిన వాయిస్ మెసేజ్ పదకొండు నిమిషాలు. ఆ మాటను తమ ఊళ్లో ఎట్లా అనేవాళ్లో చెప్పడానికి మొదలుపెట్టి, అన్నది ఎవరో చెప్పడానికి వాళ్లమ్మ దగ్గరికి పోయాడు. అమ్మ దగ్గరినుంచి వాగు దాటి పోయిన మొదటి బడికి, ఆ బడిలో బెంచీ లేక పలక మీదే కూర్చున్న పిల్లలకు, ఒక వానాకాలం వాగు పొంగి రాత్రంతా బడిలోనే ఉండిపోయిన వైనానికి వచ్చాడు. ఆ రాత్రి పిల్లలు భయపడకుండా ఉండటానికి తెల్లారేదాకా కథలు చెప్పాడట. వెనకాల ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు. మధ్యలో రెండుసార్లు దగ్గు. ఈ నాలుగు నెలల్లో విన్నవాటిలో నేను తిరిగి తిరిగి విన్నది ఇదొక్కటే. పదో నిమిషం దాటాక ఆయనకే గుర్తొచ్చినట్టుంది, ఆగి, కొంచెం నవ్వి అడిగాడు: "ఇంతకూ ఆ కతల ఏమాయె సార్? మధ్యల్నే ఆపిండ్రు."